పలకని మీట

జవాబివ్వని మనిషి దేనికి ఒప్పుకున్నట్టు? వారం రోజులుగా మెల్కర్ తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇది. పియానోలు సరిచేయడం అతని వృత్తి. ఒక స్వరాన్ని వందసార్లు వినే ఓర్పు ఉంది గాని, ఒక మాట అనే ధైర్యం లేదు.

అందుకే ఆ మంగళవారం సాయంత్రం గోథెన్‌బర్గ్ రేవు దగ్గరి చిన్న గ్రంథాలయంలో నంబరు చీటీ తీసుకుని కూర్చున్నాడు. వారానికొకసారి అక్కడ ఒక న్యాయవాది మనిషికి పదిహేను నిమిషాలు ఉచితంగా సలహా చెబుతారు. తన వంతు వచ్చేలోగా పిల్లల మూలలో ఉన్న పాత పియానో మూత తెరిచి చూశాడు. చూడకుండా ఉండలేడు.

"ఏడో నంబరు," అని గదిలోంచి పిలుపు వచ్చింది.

బల్ల వెనక అతని ఈడు అమ్మాయి. వానకు తడిసిన స్వెటరు, దానిమీద ‘సీగ్నె’ అని పేరు బిళ్ళ. ముందు నిమ్మపండు ఆకారంలో వంటింటి టైమర్.

"మీ పేరు చెప్పొద్దు. ఇక్కడ పేర్లు అడగం," అంటూ టైమర్ తిప్పింది. "ఊఁ, చెప్పండి."

అతడు చెప్పలేదు.

"రెండు నిమిషాలైంది. సలహా ఉచితమే కానీ, బయట ఇంకా ముగ్గురున్నారు."

అతడు ఒక ఉత్తరం ముందుకు జరిపాడు. వంటిల్లు పీకి కొత్తది కడతామనీ, ఆపైన అద్దె పెరుగుతుందనీ ఇంటి యజమాని రాశాడు. మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తామన్నది చివరి వాక్యం.

"ఆ అద్దె కట్టగలరా?"

"లేదు. ఇల్లు వదిలేయాలి."

"మరి వద్దని రాయలేదేం?"

"ఆయన మంచివాడండీ. మెట్లమీద కనిపిస్తే పలకరిస్తాడు."

"పలకరిస్తే వంటిల్లు ఇచ్చేస్తారా? పాట కూడా పాడితే పడకగది ఇచ్చేట్టున్నారే."

మెల్కర్‌కు నవ్వొచ్చింది. "మౌనం అర్ధాంగీకారం అంటారు కదా?"

"అది సామెతలో. చట్టం మీ మౌనానికి అలాంటి అర్థమేమీ ఇవ్వదు. అలాగని దాన్నే నమ్ముకుని కూర్చోకండి. ‘నేను ఒప్పుకోను’ అని రాసి ఇచ్చేయండి."

నిమ్మపండు గణగణ మోగింది.

రెండో మంగళవారం చిత్తుప్రతి తెచ్చాడు. అందులో మూడుచోట్ల క్షమాపణ ఉంది. సీగ్నె ఒక్కొక్కటే కొట్టేసింది.

"బయట పియానోకి ఏడాదిగా ఒక మీట పలికేది కాదు. ఇప్పుడు పలుకుతోంది. మీ పనేనా?"

"అది విరగలేదు. తేమకు చెక్క ఉబ్బి బిగుసుకుంది, అంతే."

"ఎవరో ఒకరు మూత తీయాలన్నమాట," అంది, కాగితంమీంచి తల ఎత్తకుండా. టైమర్ మోగి ఆగింది. తర్వాతి నంబరు పిలవడం ఆమెకు కాస్త ఆలస్యమైంది.

మూడో మంగళవారం వచ్చింది. గడువు మర్నాటితో తీరిపోతుంది. ఉత్తరం ఇంకా అతని కోటు జేబులోనే ఉంది.

"ఇవ్వలేదా? ఎందుకని?" సీగ్నె గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "చూడండి, నాకిక్కడ ఇదే ఆఖరి రోజు. వచ్చేవారం వేరొకరు కూర్చుంటారు. ఆయనకు మళ్ళీ మొదట్నుంచి చెప్పుకుంటారా?"

ఇచ్చేస్తే మళ్ళీ ఇక్కడికి రావడానికి కారణం ఉండదు. ఉత్తరం జేబులో దాచుకున్నది యజమానిమీది మొహమాటంతో కాదని మెల్కర్‌కు అప్పుడే తెలిసింది. అయినా నోరు మెదపలేదు.

"మీ మౌనం నాకు అర్థం కాలేదు."

"చట్టం ప్రకారం దానికి అర్థం లేదన్నారుగా."

ఆమె నవ్వలేదు. "అదే నా బాధ," అంది. టైమర్ మోగింది.

బయట వాన. చూరు కింద చాలాసేపు నిలబడ్డాడు. మాట్లాడకపోవడమంటే ఎదుటివారి చేతికి తెల్లకాగితం ఇవ్వడమేనా? యజమాని దానిమీద ‘సరే’ అని రాసుకుంటాడు. సీగ్నె ‘ఏమీ లేదు’ అని రాసుకుని వెళ్ళిపోతుంది. రెండూ అతని మాటలు కావు.

ట్రాము పట్టాలు దాటి వెళ్ళి, యజమాని కార్యాలయం తలుపుకున్న ఉత్తరాల సందులో కవరు వేశాడు. అది లోపల నేలమీద పడిన చప్పుడు విని, వచ్చిన దారినే పరుగెత్తాడు.

గ్రంథాలయం మెట్లమీద సీగ్నె గొడుగు విప్పుతోంది.

"ఇచ్చేశాను," అన్నాడు రొప్పుతూ. "ఇక సలహా అక్కర్లేదు. నా పేరు మెల్కర్. ఆ మూల కొట్లో కాఫీ, దాల్చినచెక్క బన్ను బాగుంటాయి. నాతో వస్తారా? మీరు మాట్లాడకపోతే మాత్రం ఒప్పుకున్నట్టు అనుకోను."

సీగ్నె గొడుగు సగం అతనివైపు వంచింది.

"వస్తాను, మెల్కర్," అంది. "రాసి ఇవ్వమంటారా?"