పేరు లేని ఫిర్యాదు

కరువు జిల్లాలో ఎరువుల కొట్టు. గుత్తి కోట కింద, బజారు వీధిలో. ఏళ్ళ తరబడి వానల్లేవు, బేరాల్లేవు, లోపలికి తొంగిచూసే మనిషి లేడు. రహస్య కార్యాలయం పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దేశం మొత్తం గాలించినా దొరకదు.

2002 ఆగస్టులో ఒక ఉదయం జయరాముడు ఆ కొట్టు మెట్లెక్కాడు.

"యూరియా ఉండాదా?"

"వాన పడినాక రాపో."

"ఈ యేడు కూడా పడదులేన్నా."

కోడ్ సరిపోయింది. గల్లాపెట్టె వెనక కూర్చున్న బాలసుబ్రహ్మణ్యం లేచి షట్టరు సగం దించాడు. బజారుకు ఆయన ఎరువుల శెట్టి. ఢిల్లీలో ఓ నలుగురికి మాత్రం చీఫ్.

"కూర్చో. బ్రీఫింగ్ చిన్నదే. అణు ప్లాంటును సేఫ్టీ బోర్డు కనిపెట్టుకోనుంటాది. బోర్డును మనం కనిపెట్టుకోనుంటాం. మనల్ని ఎవురు కనిపెట్టుకోనుంటారో నన్నడగొద్దు."

"అడగన్లే."

"ప్లాంటులో తప్పు జరిగితే చెప్పేకి బోర్డు ఒక హాట్‌లైన్ పెట్టింది. పేరు చెప్పబల్లేదు. చెప్పిందంతా క్యాసెట్టులో రికార్డయితాది. ఇద్దరు ఇంజనీర్లు అట్ల ఫోన్ చేసినారు. ఇద్దరూ ఫారిన్ గూఢచారుల రింగుకు చిక్కినారు. ప్లాంటు డ్రాయింగులు ఎత్తుకోని దేశం దాటినారు."

"రింగులో ఎవురు?"

"మార్క్ అనేవాడు. పుట్టపర్తిలో లాడ్జి. తెల్ల లాల్చీ, భక్తుని వేషం. ఫిర్యాదు చేసినోళ్ళ పేర్లు వానికి ఎట్ల తెలుస్తాండాయో కనుక్కో. బోర్డులో ద్రోహి ఉండాడు. నిన్న ఇంకో ఫోనొచ్చింది, ఆడగొంతు. ఇన్‌స్పెక్టర్ లింగప్ప ఆ క్యాసెట్టుతో ఈ పొద్దు ప్లాంటుకు పోతాండాడు. నువ్వు వాని డ్రైవరువి. క్యాసెట్టు ఎవురికి అమ్ముతాడో చూడు. మార్క్ ముఠాలో అనుపమ మన మనిషి."

"మన మనిషేనా?"

"వాళ్ళూ అట్లనే అనుకుంటాండారప్పా," అన్నాడు చీఫ్.

చొక్కాకు గుండీ కెమెరా కుట్టించుకుని, వక్కపొడి డబ్బాలో అమర్చిన వైర్‌లెస్ జేబులో వేసుకుని జయరాముడు బయల్దేరాడు. భయం లేదు. హుషారూ లేదు. ఈ ఉద్యోగంలో ఆ రెండూ ఎప్పుడో ఇంకిపోయాయి. పన్ను పీకే ముందు సూది వేసిన దవడలాగా మనసు మొద్దుబారి కూర్చుంది.

జీపులో లింగప్ప దారి పొడుగునా కబుర్లే. తను తెచ్చుకున్న చిత్రాన్నంలో సగం డ్రైవరుకు పెట్టాడు. మధ్యలో ఎక్కడా దిగలేదు, ఎవరినీ కలవలేదు, క్యాసెట్టును ఒళ్ళోంచి తియ్యలేదు. ఇంత మంచి ద్రోహిని జయరాముడు పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ప్లాంటు మీటింగ్ హాల్లో డైరెక్టరు, డిపార్టుమెంటు పెద్దలు, పళ్ళాల్లో బోండాలు. కిటికీ పక్కన చిలకపచ్చ పట్టుచీర, జుట్టు మీద నల్లకళ్ళద్దాలు: పబ్లిక్ రిలేషన్స్ కన్సల్టెంట్ అనుపమ. టేప్ రికార్డరు మోసుకొచ్చిన డ్రైవరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

లింగప్ప బటన్ నొక్కాడు. క్యాసెట్టులోంచి ఒక అమ్మాయి గొంతు వచ్చింది.

"రియాక్టరును చల్లార్చే నీళ్ళ పైపుకు వెల్డింగు జాయింట్లు ఉంటాయి సార్. వాటికి తీసిన ఎక్స్‌రేలు దొంగవి. ఒక మంచి జాయింటు ఫిల్మునే అన్నిటికీ పెట్టినారు. నాలుగో జాయింటు లోపల గుల్ల. స్టార్టప్ చేస్తే పగుల్తాది. దయచేసి ఆపండి."

లింగప్ప టేపు ఆపాడు. "ఎవురి గొంతప్పా ఇది?"

"హేమ కదూ?"

"క్వాలిటీ సెక్షన్ హేమే. ఆ దీర్ఘం చూడు, సోమందేపల్లె దీర్ఘం."

"ఇంగోసారి వెయ్యి సార్, రూఢి చేసుకుందాం."

ఇంకోసారి వేశాడు. ఒకాయన ఇంకో బోండా తీసుకున్నాడు. హేమే అని హాలంతా ఒప్పుకుంది. అనుపమ ఆ పేరు అరచేతి మీద రాసుకుంది.

జయరాముడు ఉండబట్టలేకపోయాడు. "సార్, పేరు చెప్పబల్లేదంటిరి గదా?"

డ్రైవరు నోరు విప్పినందుకు లింగప్ప కోప్పడలేదు. "చెప్పబల్లేదప్పా. కానీ పేరు లేని ఫిర్యాదు మీద చర్య తీసుకోగూడదని ఇంకో రూలుండాది. అందుకే పేరు మేమే కనుక్కుంటాం. ఆ పాపకు మంచి చేసేకే గదా ఈ తిప్పలంతా?"

ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు, ఖర్మ! ద్రోహి లేడు. ఒక ద్రోహి ఉన్నా బాగుండేది, సంకెళ్ళు వేసి లాక్కెళ్తే పీడ పోయేది. రూలుకు సంకెళ్ళు ఎక్కడ వేస్తాం?

బోండాల పళ్ళాలు ఖాళీ అయ్యేలోపు డైరెక్టరు హేమను సస్పెండ్ చేశాడు. సంస్థ పరువు తీసిందట. స్టార్టప్ మాత్రం సాయంత్రం అనుకున్న వేళకే.

మధ్యాహ్నం దాటాక వరండాలో అనుపమ పక్కనుంచి పోతూ పెదవులు కదపకుండా చెప్పింది. "సోమందేపల్లె హైవే మీద ధాబా. హేమ డ్రాయింగులు తెస్తాంది. మార్క్ తెల్ల సుమోలో వస్తాడు. బండి తోలేది నేనే."

"నువ్వు యే పక్క?"

"సాయంత్రానికి చెప్తా."

సాయంత్రం ధాబా దగ్గర జయరాముడు పంక్చర్లు వేస్తున్నాడు. లుంగీ, మోచేతుల దాకా గ్రీజు. మఫ్టీ పోలీసులు లారీ వెనక మంచాల మీద పడుకుని ఉన్నారు. హేమ ఒంటరిగా టేబుల్ దగ్గర కూర్చుంది. ముందు మీగడ కట్టిన టీ, ఒళ్ళో డ్రాయింగుల చుట్ట.

జయరాముడు చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వెళ్ళాడు. "వానికి ఇయ్యొద్దమ్మా. ఇస్తే నీ బతుకంతా జైల్లోనే."

హేమ గోడను చూసినట్టు చూసింది. "నువ్వెవురన్నా?"

"గవర్నమెంటోణ్ణి."

"ఓ." ఆ పిల్లకు ఆశ్చర్యం కూడా కలగలేదు. "నా టేపు బోండాలు తింటా రెండుసార్లు విన్నారంట గదా. గొంతు యెవురిదో పట్టుకున్నారు. చెప్పింది యేమిటో ఒక్కరూ వినలేదు. మార్క్ మధ్యాన్నం ఫోన్ చేసి అంతా విన్నాడు. 'నాలుగో జాయింటా, ఐదోదా?' అని అడిగినాడు. అట్ల అడిగినోడు వాడొక్కడే."

దేశభక్తి మీద చెప్పాల్సిన మాటలు ట్రైనింగులో నేర్పారు. జయరాముడు వాటిని పక్కన పెట్టి ఇంకొకటి అడిగాడు.

"స్టార్టప్ ఆగితే?"

"ఆగితే ఈ కాగితాలు నాకెందుకు? పొయ్యిలో యేస్తా. ఆ పైపు పగిలితే ముందు చచ్చేది కంట్రోల్ రూములో ఉండే నా సావాసగాళ్ళేన్నా."

"ఇంగోసారి ఫోన్ చెయ్యి. ఈసారి పేరు చెప్పు."

"సస్పెండైనోళ్ళు చెప్తే కక్ష కింద జమ కడ్తారంట. లింగప్ప సారే చెప్పినాడు, పాపం, బాధపడతా."

తెల్ల సుమో వచ్చి ఆగింది. మార్క్ దిగి, రెండు చేతులూ జోడించి, హేమ ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, ప్రపంచం మొత్తం వినేటట్లు చేస్తా," అన్నాడు ముద్దు ముద్దు తెలుగులో. చెయ్యి చాపాడు.

పోలీసులకు సైగ చేస్తే సరిపోతుంది. మార్క్ దొరుకుతాడు, డ్రాయింగులు దొరుకుతాయి, హేమ జైలుకు పోతుంది, పైపు పగులుతుంది. జయరాముడు సైగ చెయ్యలేదు. ధాబా ఎస్టీడీ ఫోన్ దగ్గరికి పోయి హాట్‌లైన్ నంబరు తిప్పాడు.

"మీ పేరు చెప్పనవసరం లేదు," అంది అవతల రికార్డు గొంతు.

"చెప్తాండా, రాసుకో. నా పేరు జయరాముడు. మా నాయన పేరు కదిరప్ప. మాది గుత్తి. నాలుగో జాయింటు లోపల గుల్ల. స్టార్టప్ ఆపండి."

ధాబా ఫోను నంబరు కూడా చెప్పి పెట్టేశాడు. ధాబా అంతా విన్నది. మార్క్ కూడా తల తిప్పి చూశాడు. చీఫ్ సైతం నంబరుతో పిలిచే మనిషి, ఇన్నేళ్ళకు తన పేరు తన నోటితో అన్నాడు. సిగ్గేసింది.

మార్క్ చెయ్యి ఇంకా చాపే ఉంది. హేమ చుట్టను ఎత్తింది, మళ్ళీ దించింది. మార్క్ ఓపిక చచ్చి చుట్ట అంచు పట్టుకుని లాగాడు.

ఫోన్ మోగింది.

"జయరాముడంటే యెవురప్పా? నేను లింగప్ప!" అవతల అరుపులు. "హాట్‌లైన్ నుంచి కబురొస్తానే ఆపేసినాం! స్విచ్చి మీద చెయ్యి పెట్టినోణ్ణి భుజం పట్టి గుంజినా! పేరుంటే చాలప్పా, పేరుంటే దేన్నైనా ఆపొచ్చు!"

"ఆగిందమ్మా," అన్నాడు జయరాముడు.

హేమ ఒక్క గుంజు గుంజి చుట్ట లాక్కుని, నేరుగా పోయి రొట్టెల పొయ్యిలో కుక్కింది. మార్క్ సుమోలోకి దూకి "గో! గో!" అని కేకేశాడు. అనుపమ తాళంచెవి తీసి కిటికీలోంచి బయటికి విసిరేసింది.

"రెండు పక్కలా అబద్ధాలు చెప్పి నోరెండిపోయిందప్పా," అంది, పోలీసులు చుట్టుముడుతుంటే. "ఒక షోడా చెప్పండి."

ఆ వారంలోనే నాలుగో జాయింటు కోసి చూశారు. వేలు పట్టేంత గుల్ల. మామూలు మరమ్మతు అని రాసుకుని కొత్త పైపు వేశారు.

రెండు నెలల తర్వాత ఎరువుల కొట్టులో బాలసుబ్రహ్మణ్యం బోర్డు తీర్పు చెప్పాడు.

"విచారణ చేసినారు. గుత్తిలో జయరాముడనే మనిషే లేడంట. ఓటర్ల లిస్టులో లేడు, రేషన్ కార్డులో లేడు, బడి రిజిస్టర్లో లేడు. యెట్లుంటాడు? నువ్వు డ్యూటీలో చేరిన పొద్దే అన్నిట్లోంచీ నేనే తీపిచ్చినా. కాబట్టి ఫిర్యాదు పేరు లేనిదే. మూసేసినారు."

"మల్ల గుల్ల జాయింటు?"

"ఫిర్యాదే లేనప్పుడు జాయింటు యాడిది?"

"హేమ ఉద్యోగం?"

చీఫ్ ఖాళీ యూరియా సంచీ దులిపి మడతపెట్టాడు. "లేని లోపం ఉందన్నందుకు డిస్మిస్ చేసినారు."

ఇన్నేళ్ళలో మొదటిసారి జయరాముడికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. చీఫ్ చూసీ చూడనట్టు షట్టరు వైపు తిరిగి ఓదార్పుగా అన్నాడు:

"ఒక విధంగా మంచిదేలేప్పా. మార్క్ గాడు కూడా అది కోడ్ నేమ్ అనుకున్నాడంట. నీ పేరు యాడా బయటపడలేదు. రేపట్నుంచి డ్యూటీకి రావొచ్చు."