తొమ్మిది సంఖ్యలు

1989 మే 25. వరంగల్ బంద్. సుబేదారిలోని నా కంప్యూటర్ గదికి మధ్యాహ్నమే షట్టరు దించేశాను. కరెంటు లేదు. ఉక్కపోత, చీకటి. హైదరాబాదులో పాతది కొన్న ల్యాప్‌టాప్ ఒక్కటే బ్యాటరీ మీద వెలుగుతోంది. దానికి డిస్కు పెట్టే చోటే లేదు. ప్రింటరు చేత తెలుగు అక్షరాలు కొట్టించే డ్రైవర్‌ను అందులోకి ఎక్కించాలంటే ఒకటే దారి. ఒక్కో సంఖ్యా చేత్తో టైపు చేయాలి. సాయంత్రానికి ఎక్కకపోతే స్కూలు జాబితాల పని పోతుంది. నాకు దొరికిన మొదటి పెద్ద పని అది.

ఆ డ్రైవర్ రాసింది నా జతగాడు కొమురెల్లి. పోయిన నెల కామెర్లతో చనిపోయాడు. వాడి నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళక్క మొగిలమ్మ నా ఎదురుగా కూర్చుంది. ఆమెకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం మగ్గం దగ్గర నేర్చుకుంది.

"దవాఖానల ఆఖరుదాక నిన్నే అడిగిండు. ఎంకట్రాజం రాలేదా అని."

"పని ఉండె అక్కా."

"ఉంటది. పెద్దోనివైతాంటివి గద." నోటుబుక్కు మీంచి చెయ్యి తీయలేదు. "ఇది షురువైనప్పుడు వాని పేరు పడుతదన్నడు. పడాలె. నేనడిగేది గదొక్కటే."

"పడుతది."

టార్చి వెలుగులో చదవసాగింది. పదకొండో పేజీ...

"డెబ్బై అయిదు. డెబ్బై తొమ్మిది. డెబ్బై ఏడు..."

యంత్రం లోపల ప్రతి ఇంగ్లీషు అక్షరానికీ ఒక సంఖ్య. అంకెలు నా తలలో అక్షరాలయ్యాయి. కొమురెల్లి. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు. నా పేరు చివర కాస్త కత్తిరిస్తే అదీ తొమ్మిదే. ఆమె చదువుతూ పోయింది. నేను నావి కొట్టాను. ఎనభై ఆరు, అరవై తొమ్మిది... రెండు పేర్ల సంఖ్యలు విడివిడిగా కూడితే తేడా పద్నాలుగు. చివర సరిచూసే మొత్తంలో పద్నాలుగు తగ్గిస్తే యంత్రానికి తెలియదు.

"డెబ్బై అయిదు..."

చెవి పక్కనే. గుసగుసగా.

మొగిలమ్మ విసుక్కుంది. "నేనన్నది మళ్ళ అనకు తమ్మీ. వరుస తప్పుత."

నేను అనలేదు.

గదిలో డెటాల్ వాసన. దాని కింద ఇంకేదో... పుల్లగా.

"డెబ్బై తొమ్మిది..."

మగ గొంతు. ఎండిపోయిన గొంతు. కోపం లేదు. తప్పు దిద్దుతున్నట్టు, ఓపికగా.

మెడ మీద చల్లటి గాలి. వెనక్కి తిరగలేదు. వేళ్ళు ఆపలేదు. ఆపితే పని పోతుంది.

ఆఖరు సంఖ్య కొట్టాను. పద్నాలుగు తగ్గించే కొట్టాను. డ్రైవర్ ఎక్కింది. తెర మీద నా పేరు.

"పడ్డదా?"

"పడ్డదక్కా."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ అక్షరాలను బొటనవేలితో నిమిరింది. వేలు పక్కకు జరిగి, ఆగింది.

"వాని ఫోటో కింద ఏసినట్టు తారీఖు గూడ ఏసినవేంది? ఇరవై ఆరు, అయిదు, ఎనభై తొమ్మిది." వేళ్ళ మీద లెక్కపెట్టింది. "రేపటిది గద తమ్మీ?"

నేను తారీఖు కొట్టలేదు.

బ్యాటరీ ఊడబెరికాను.

తెర ఆరిపోలేదు.