అత్తయ్యకు తెలిసిన ఇల్లు

పొద్దున్నే టీ పెడదామని క్రైస్తవ మిషన్ వాళ్ళ బస ఇంటి వంటగదిలోకి వెళ్ళిన కోడలు, అగ్గిపెట్టె కోసం పొయ్యి చుట్టుపక్కలంతా వెతికింది. కనిపించలేదు. అప్పుడే ముడి బిగించుకుంటూ వచ్చిన అత్తగారు అల్మారా తెరిచి, పంచదార డబ్బా వెనక చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తీసి ఇచ్చింది. అటు తల తిప్పి చూడను కూడా లేదు.

"మీకెలా తెలుసత్తయ్యా?"

"అక్కడే ఉంటుందిగా," అంది ఆవిడ, తన వంటిల్లే అయినట్టు.

కోడలు పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళ చర్చి బృందం ఈ దేశంలో దిగింది నిన్ననే. అత్తగారికి విమానం ఎక్కడం ఇదే మొదలు. దిగేదాకా బెల్టు విప్పనంటే విప్పనని మొండికేసి, పక్క సీటువాళ్ళను కూడా నవ్వించింది.

నిరుడు ఆవిడ కొడుకు ఇదే ఇంట్లో ఉండి, మిషన్ ఆసుపత్రికి నీటి పంపులు బిగించాడు. పని పూర్తవుతుండగా జ్వరం పట్టుకుంది. ఇంటికి పెట్టెలో వచ్చాడు. చర్చి వాళ్ళు మళ్ళీ బృందాన్ని పంపుతున్నారనగానే అత్తగారు తానూ వెళ్తానని పట్టుబట్టింది. తోడు లేనిదే కుదరదన్నారు పాస్టరుగారు. కోడలు దర్జీ. ఇక్కడి ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పడానికి ఆమె పేరు రాశారు. నిజానికి ఆమె వచ్చింది సేవ మీద మనసుండి కాదు, అత్తగారి పోరు పడలేక. మొగుణ్ణి మింగిన ఊరిని చూడాలని ఎవరికుంటుంది?

టీ తాగి అందరూ ఆసుపత్రికి బయల్దేరారు. ఆసుపత్రి వరండా ఇంకా మలుపు అవతలే ఉంది, అప్పుడే అత్తగారు కోడల్ని హెచ్చరించింది.

"మూడో మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసుకో."

ఉంది. కోడలు మెట్టు వైపు, అత్తగారి వైపు మార్చి మార్చి చూసింది. లోపల నర్సు కిటికీ తలుపుతో కుస్తీ పడుతుంటే, అత్తగారు నవ్వుతూ వెళ్ళి రెక్కను కాస్త పైకెత్తి తోసింది. ఇట్టే తెరుచుకుంది. తర్వాత, ఎవరూ దారి చూపకుండానే, నడవా చివరి గదికి నడిచి మంచం పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆ మంచం మీదే ఆయన పోయాడని పాస్టరుగారు తర్వాత మెల్లగా చెప్పారు.

మధ్యాహ్నం ఇంటికి తిరిగొచ్చేసరికి అక్కడి వంటావిడ పళ్ళేలు కడుగుతోంది. అత్తగారు తలుపు వెనక మేకుకు తువ్వాలు తగిలించడం చూసి ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఏటేటా ఇక్కడికి వస్తూ ఆ భాష నేర్చుకున్న పాస్టరుగారితో ఏదో గుసగుసలాడింది.

"ఏమంటోంది?" అడిగింది కోడలు.

పాస్టరుగారు ఇబ్బందిగా కదిలారు. "నిరుడు ఆయన ఇల్లు చూపించింది ఈవిడకేనా అంటోందమ్మా. మీ ఆయన సాయంత్రాలు ఎవరికో ఇల్లంతా చూపిస్తూ తిరిగేవాడట. ఇది వంటగది, ఇది మెట్టు అన్నట్టు చేత్తో చూపిస్తూ. పక్కన మాత్రం ఎవరూ ఉండేవారు కాదట."

కోడలు చటుక్కున వెనక్కి తిరిగింది. అత్తగారి కోసం చూస్తే గదిలో లేదు.

పెరట్లో పంపుల గదిలోంచి మాటలు వినిపించాయి. కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మోటారు ఆగి ఉంది. అత్తగారు దాని మీద చెయ్యేసి, మధ్యమధ్య ఆగుతూ, జవాబు విన్నట్టు తలూపుతూ మాట్లాడుతోంది.

"ఊఁ... సరేలేరా... నేను చెప్తాగా... తీసుకొస్తాలే."

"ఎవరితో అత్తయ్యా?" గుమ్మంలోంచే అడిగింది కోడలు.

"వాడితోనే."

"ఆయన లేరు! పోయారు! మీరు చేసిన ఉపవాసాలకీ ప్రార్థనలకీ ఆగకుండా పోయారు! నన్నిక్కడికి ఈడ్చుకొచ్చింది పిచ్చెక్కించడానికా? ఎప్పుడూ రాని ఇల్లు మీకెలా తెలుసు? చెప్పండి!"

అత్తగారు తొణకలేదు.

"వాడే చూపించాడమ్మా. రోజూ సాయంత్రం నీకు ఫోన్ చేసేవాడు. ఇల్లు వదిలి వెళ్ళాడని కోపంతో నువ్వు ఎత్తేదానివి కాదు. అప్పుడు నాకు చేసేవాడు. చెవిలో తీగలు పెట్టుకుని, నడుస్తూ, ఇదిగో అమ్మా అల్మారా, ఇదిగో మెట్టు అంటూ ఇల్లూ ఆసుపత్రీ అంతా తిప్పేవాడు. 'తన కోపం తగ్గాక నువ్వే చెప్పమ్మా, ఒకసారి తీసుకొస్తాను, కొత్తగా ఉండకూడదు తనకి' అనేవాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వాడి మాటెత్తితే గది వదిలి వెళ్ళిపోయేదానివి. ఏ గదిలో నిలబెట్టి చెప్పను?"

కుట్టుమిషను మీద ఫోన్ మోగి మోగి ఆగిపోవడం, తను తల ఎత్తకుండా పెడల్ తొక్కుతూ ఉండడం కోడలి కళ్ళ ముందు కదిలాయి. గడప మీద కూలబడింది. వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు పక్కన కూర్చుని ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. పోయిన ఏడాదంతా ఒకే కప్పు కింద ఉన్నా, వాళ్ళిద్దరూ ఒకరినొకరు ముట్టుకున్నది ఇప్పుడే.

"లే, చెట్టు కింద బల్ల మీద కూర్చుందాం. చల్లగా ఉంటుంది."

గది వెనక్కి తిరిగితే నిజంగానే చెట్టు, చెట్టు కింద చెక్కబల్ల. ఇద్దరూ కూర్చున్నారు. వాళ్ళను వెతుక్కుంటూ వచ్చిన పాస్టరుగారు ఆశ్చర్యపోయారు.

"అరె, అప్పుడే చూసేశారా! రేపు ప్రార్థన చేసి చూపిద్దామనుకున్నాం. ఆయన జ్ఞాపకంగా ఆసుపత్రి వాళ్ళు పోయిన వారమే వేయించారిది."

కోడలు అత్తగారి ముఖంలోకి చూసింది.

"అత్తయ్యా, ఈ బల్ల గురించి ఆయన మీకెప్పుడు చెప్పారు?"

అత్తగారు నుదురు చిట్లించింది. "ఎప్పుడో... కాదు కాదు, ఇందాకే కదూ? అమ్మాయిని అక్కడ కూర్చోబెట్టమ్మా అన్నాడు."

గాలి లేదు. ఆకు కదలడం లేదు. పాస్టరుగారు వెనుదిరిగారు. పొద్దుటి నుంచీ కోడల్ని పీడించిన భయం ఇప్పుడు ఎక్కడా లేదు. ఆమె అత్తగారికి దగ్గరగా జరిగి, ముడతలు పడ్డ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంకేమన్నారు?"

అత్తగారు తల కాస్త పక్కకు వంచి, ఒక్క క్షణం ఆగి, చెప్పడం మొదలుపెట్టింది.