ముప్పై ఎనిమిది అంగుళాల ఛాతీ

"పదకొండు గంటలకి మనం ఆస్పత్రిలో ఉండాలి నాన్నా" అని కూతురు కటింగు బల్ల మీద చీటీ పెట్టింది. టైలరు మాస్టరు దాని వంక చూడను కూడా చూడలేదు. ఎవరిదో పంట్లాం గుడ్డ పరుచుకుంటూ, "నాకేమొచ్చిందే? నిక్షేపంలా ఉన్నాను" అన్నాడు. ఆ మాట పూర్తికాక ముందే దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

బల్లకి అవతల అతని భార్య మిషను తొక్కడం ఆపి చూసింది. వీధి వీధంతా ఆమెను మిషనమ్మ అనే పిలుస్తుంది. అతను కోస్తాడు, ఆమె కుడుతుంది. కత్తెర ఆయనది, సూది ఆమెది. పెళ్ళైన నాటి నుంచీ ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టింది లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ టైలరు షాపు అలాగే నడుస్తోంది.

ఇంత రభస ఎందుకంటే, బడిలో టీచరుగా చేస్తున్న కూతురు సెలవులకని నిన్ననే వచ్చింది. షాపు మేడ మీద. కిందనుంచి పద్దెనిమిది మెట్లు. ఆమె వచ్చేసరికి తండ్రి ఏడో మెట్టు మీద కూలబడి, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నాడు. కూతుర్ని చూసి, "మెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో లెక్కపెడుతున్నానమ్మా" అన్నాడు. ఆ పిల్ల నవ్వలేదు. సంచీ అక్కడే పడేసి తండ్రిని పైకి ఎక్కించింది. తెల్లారగానే వెళ్ళి డాక్టరు దగ్గర చీటీ రాయించుకొచ్చింది.

"ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా నాన్నా? పెదాలు బొగ్గు పూసినట్టున్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ రెండు వేళ్ళూ చూడు, తుప్పు పట్టిన మేకుల్లా ఉన్నాయి. రోజుకి ఎన్ని కాలుస్తున్నావు?"

"అద్దం అబద్ధాలు చెబుతుందే. గుడ్డ చెప్పదు" అన్నాడు మాస్టరు. రొమ్ము విరుచుకుని చొక్కా రెండు పక్కలా చేతులతో రాసి చూపించాడు. "ఛాతీ ముప్పై ఎనిమిది. నా పెళ్ళినాడు ముప్పై ఎనిమిది, ఇవాళా ముప్పై ఎనిమిదే. నా చేత్తో నేను కోసుకున్న చొక్కా ఇది. జబ్బు మనిషికి చొక్కా ఇంత బాగా కూర్చుంటుందా, నువ్వే చెప్పు."

నిజంగానే చొక్కా అచ్చుగుద్దినట్టు కూర్చుంది. కూతురు తల్లి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పమ్మా."

మిషనమ్మ తలొంచుకుంది. ఏమని చెబుతుంది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

"నీకు నాన్నంటే అంత భయమా? లేక ఏమైపోయినా పట్టదా?" అంది కూతురు. "నేను దూరంగా ఉన్నాను, తెలియలేదు. నువ్వు రోజూ చూస్తున్నావు కదమ్మా..."

ఆ మాట మిషనమ్మ గుండెలో సూదిలా దిగింది. మాస్టరు మాత్రం ఇదేమీ పట్టనట్టు చీటీ మడిచి, దారపు కండెల డబ్బాలో పడేసి, సిగరెట్టు పెట్టె తీసుకుని బయటికి మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

రోజూ చూస్తూనే ఉంది ఆమె. అందరికంటే ముందు చూసింది ఆమే. అయిదేళ్ళ కిందట ఒక పాత ఖాతాదారు వచ్చి, "ఏంటి మాస్టారూ, మరీ చిక్కిపోయారు, చొక్కా కర్రకి తగిలించినట్టుంది" అని పోయాడు. వాడికదో మాట, వాడి దారిన వాడు పోయాడు. మాస్టరు ఆ పూట అన్నం ముట్టలేదు. టైలరు చొక్కాయే టైలరు బోర్డు అనేవాడు ఎప్పుడూ. ఆ బాధలో మామూలుకంటే మరో అరపెట్టె ఎక్కువ కాల్చాడు. మర్నాడు మిషనమ్మ ఆ చొక్కా ఉతికి ఆరేసి, ఎవరూ లేనప్పుడు తిరగేసి, రెండు పక్కలా అరంగుళం లోపలికి కుట్టేసింది. వేసుకుని మాస్టరు అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "వాడికి కళ్ళు సరిగా లేవు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె ఎంత పొంగిపోయిందో... పిచ్చి ముండ, ఒక్కసారే కదా అనుకుంది.

ఒక్కసారితో ఆగలేదు. మనిషి తగ్గినప్పుడల్లా చొక్కా తగ్గింది. కొత్త చొక్కాలు ఆయన ముప్పై ఎనిమిదికే కోసేవాడు, ఆమె తనకు తోచిన కొలతకి కుట్టేది. ఇస్త్రీ చేసి, గుండీలు విప్పి పట్టుకుంటే ఆయన చేతులు దూర్చేవాడు; లోపలి వైపు చూసే పనే పడనిచ్చేది కాదు. ఊరందరి కొలతలూ తీసే మనిషి తన కొలత తాను తీసుకోడని ఆమెకు తెలుసు. దీపం కింద చీకటి అంటే అదే మరి.

కానీ మొహాన్ని లోపలికి మడిచి కుట్టే మిషను ఇంకా పుట్టలేదు. నోటి చుట్టూ, కళ్ళ కింద ముడతలు చీల్చినట్టు పడ్డాయి. పళ్ళకి గారపట్టి నవ్వే మునుపటిది కాకుండా పోయింది. కుట్టిన బట్టలకి పొగ వాసన వస్తోందని జనం సణుగుతుంటే ఆమె వాటిని వెనక వరండాలో గంటలకొద్దీ గాలికి ఆరేసి గానీ ఇచ్చేది కాదు. పోయిన నెల ఒకావిడ జాకెట్టు తీసుకుపోతూ, "కటింగు చేసేది మీ నాన్నగారా?" అని అడిగింది. మాస్టరు మిషనమ్మకంటే నాలుగేళ్ళే పెద్ద. ఆయన పగలబడి నవ్వాడు. మిషనమ్మ నీళ్ళ గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

మాస్టరు తిరిగొచ్చి కత్తెర అందుకున్నాడు. గోడ గడియారం పదీ పావు చూపిస్తోంది. మిషనమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, ఆ చొక్కా ఒకసారి విప్పండి."

"ఎందుకు?"

"విప్పి తిరగేయండి. మీరే చూడండి."

ఆమె గొంతులో ఏదో విని అతను విప్పాడు. బనీను కింద ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కూతురు మొహం తిప్పుకుంది. మాస్టరు చొక్కా తిరగేసి వెలుతురుకి పట్టుకున్నాడు. ముందు అతనికి ఏమీ అర్థం కాలేదు, పని తప్పు పట్టుకున్న మాస్టరులా కనుబొమ్మలు ముడిచి, "ఇదేం కుట్టు? పక్కకి రెండంగుళాలు లోపలికి పోయింది" అన్నాడు. తర్వాత పసుపుపచ్చని వేలితో కుట్ల వరసలు తడిమాడు. ఒకదాని పక్కన ఒకటి నాలుగు వరసలు. ఒక్కో వరస దారం ఒక్కో పాతబడిన రంగులో ఉంది. ముప్పై ఏళ్ళ పనివాడు, అంతకంటే చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అయిదేళ్ళు."

"నా మీద జాలిపడ్డావన్నమాట" అన్నాడు నెమ్మదిగా. "ముప్పై ఎనిమిదని ఊరంతా డప్పు కొట్టుకున్నాను గదే. నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"జాలి కాదండీ, భయం. కళ్ళతో చూశాను, చేత్తో కొలిచాను, నోటితో చెప్పలేకపోయాను. మీరు బాధపడతారని దాచాను. దాచి దాచి మిమ్మల్నే పోగొట్టుకునేలా ఉన్నాను..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిల్ల అన్నది నిజమే. తప్పంతా నాదే."

"అమ్మా" అంది కూతురు. వెళ్ళి తల్లి భుజం పట్టుకుంది.

మాస్టరు చేతులు అలవాటు కొద్దీ ఆ మడతల్ని తడుముతూనే ఉన్నాయి. "ఇంత గుడ్డ లోపల పెట్టుకుని తొడిగావు నాకు. మిగిలింది కోసి పారెయ్యొచ్చుగా? ఎవరికైనా అలాగే చేస్తాం."

"కోస్తే ఎలాగండీ?" అంది మిషనమ్మ. "రేపు మానేసి మళ్ళీ ఒళ్ళు చేశారనుకోండి. కుట్లు విప్పితే సరిపోతుందని ఉంచాను. ప్రతిసారీ అలాగే ఉంచాను."

మాస్టరు బల్ల మీద కూర్చుండిపోయాడు. తన పెళ్ళాం ముందు గానీ కూతురి ముందు గానీ ఏనాడూ కంటతడి పెట్టని మనిషి, ఆ తిరగేసిన చొక్కాలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఏడుపులో దగ్గొచ్చింది. కూతురు వీపు నిమిరింది. తగ్గాక అతనే దారపు కండెల డబ్బా వైపు చెయ్యి చాపి, "ఆ చీటీ ఇటివ్వు" అన్నాడు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, గొట్టంలోకి ఊదమన్నారు. మాస్టరు ఊదిన ఊదుకి మీటరులో ముల్లు సగం దాకా కూడా కదల్లేదు. డాక్టరమ్మ ఎప్పటినుంచి చిక్కుతున్నారని అడిగితే అతను భార్య వైపు చూశాడు. ఆమె ఏ ఏడు, ఏ నెల, ఎన్ని అంగుళాలు అన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ, ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు ఇంతవరకూ రాలేదంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో మిషనమ్మకు తెలియలేదు. కాన్సరు కాదన్నారు. పాడైన ఊపిరితిత్తులు మాత్రం తిరిగి బాగుపడవనీ, ఇవాళే మానేస్తే మిగిలినంత మేరా నిలుస్తుందనీ, మానకపోతే మూడేళ్ళు కూడా కష్టమనీ దాపరికం లేకుండా చెప్పారు.

మానడం చెప్పినంత తేలిక కాలేదు. మొదటి రెండు వారాలూ ఇంట్లో గిన్నె చప్పుడైనా యుద్ధమే. రెండు కాలర్లు తలకిందులుగా కోశాడు. మూడో వారంలో ఒక రోజు మెట్ల దగ్గర ఒకటి కాల్చి, లోపలికొచ్చి, "కాల్చాను" అని తనే చెప్పాడు. మిషనమ్మ తిట్టలేదు, సర్దిచెప్పనూ లేదు. "సరే, మళ్ళీ మొదలెట్టండి" అంది. ఆ తర్వాత మళ్ళీ ముట్టలేదు. నాలుగు నెలలకి వేళ్ళ రంగు వదిలింది, దగ్గు కొంచెం తగ్గింది. పెదాల నలుపూ బుగ్గల గుంటలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మెట్లు ఎక్కేటప్పుడు రెండు చోట్ల కూర్చుంటున్నాడు, ఎవరు చూసినా సిగ్గుపడకుండా.

ఒక మధ్యాహ్నం మాస్టరు టేపు తెచ్చి భార్య చేతికిచ్చి నిలబడ్డాడు. ఆమె కొలిచి, కాస్త తటపటాయించి, "ముప్పై నాలుగు" అంది. అతను తలూపి, తెల్ల గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తెర ఆడించాడు. కోసిన ముక్కలు ఆమె ముందు పెట్టాడు. మిషనమ్మ ఒక ముక్క ఎత్తి అంచులు చూసుకుంది. సరిగ్గా ముప్పై నాలుగుకి కుట్టు పడేంత గుడ్డే ఉంది. ఒక్క దారం వెడల్పు కూడా అదనంగా లేదు.

"ఒక్క అంగుళమైనా వదలకపోయారా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముందు ముందు ఒళ్ళు వస్తే?"

"వస్తే కొత్తది కోస్తాను" అన్నాడు మాస్టరు, కత్తెర పక్కన పెడుతూ. "కొయ్యడానికైనా నేనుండాలి గదా."

మిషనమ్మ కళ్ళు తుడుచుకుని, సూదిలో దారం ఎక్కించి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.