అయిదు వేల వాట్లు

బీరువా తలుపు రెక్క ఒకటి వేలాడుతోంది. లాకర్ ఖాళీ.

శాంతమ్మ దాని ముందే నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పోయినవి కాసులపేరు, రెండు జతల గాజులు. మొగుడు పోయాక ఆమెకంటూ మిగిలినవి అవే.

ఎమ్మిగనూరు ఎస్ఐ మహేశ్వరి తలుపు అంచు తడిమి చూసింది. సుత్తి దెబ్బలు. చేతకానివాడు కొట్టినట్టు రేకంతా సొట్టలు.

"దొంగ దొరికినాడు కద మేడమ్. ఇంకా ఏం సూస్తారు?" అన్నాడు దేవేంద్ర.

దేవేంద్ర శాంతమ్మ తమ్ముడు. పత్తి వ్యాపారి. ఈ ఇల్లు అతనిదే. ఉండేది అక్కా తమ్ముడూ ఇద్దరే. ఎస్ఐతో మాట్లాడుతున్నా కళ్లు మాత్రం ఫోన్ మీదే. మహేశ్వరికి చూడగానే ఒళ్లు మండింది.

అతను దొంగ అంటున్నది రఫీక్‌ను. సౌండ్ సిస్టమ్‌లు బిగించే మెకానిక్. నిన్న రాత్రి మహేశ్వరి ఆదోనిలో బందోబస్తులో ఉంది. ఆమె లేని సమయంలో స్టేషన్ రైటర్ దేవేంద్ర మాట పట్టుకుని రఫీక్‌ను లాకప్‌లో వేశాడు. పెద్దమనిషి ఫోన్ చేస్తే చాలు, ఆ రైటర్‌కు బుర్ర పని చేయడం మానేస్తుంది.

సాయంత్రంలోగా రిమాండ్‌కు పంపాలి. ఇళ్లలోకి పోయి పని చేసుకునేవాడికి దొంగ అన్న పేరు పడితే మళ్లీ ఎవరు గడప తొక్కనిస్తారు? రఫీక్ భార్య మెహరున్నీసా రాత్రి నుంచి స్టేషన్ మెట్ల మీదే కూర్చుని ఉంది.

"వరసగా చెప్పండి," అంది మహేశ్వరి.

"నిన్న ఆదోని నుంచి హోమ్ థియేటర్ తెచ్చినా. రఫీకు మిద్దె మీద గదిలో బిగించినాడు. ఏడింటికి సినిమా ఏసినాం. వీధంతా వచ్చినారు. అక్క గూడా పైనే ఉండె."

"రఫీక్?"

"ఎనిమిదింటికి నమాజు అని లేసి పోయినాడు. ఒక్కడే. కింద ఎవరూ లేరు. అప్పుడే పగలగొట్టినాడు."

"ఇనప బీరువా. సుత్తి దెబ్బలు పైకి వినపడలేదా?"

దేవేంద్ర మొదటిసారి ఫోన్ మీంచి తల ఎత్తాడు. చిన్నపిల్లను చూసినట్టు నవ్వాడు.

"అయిదు వేల వాట్లు మేడమ్. పక్కన బాంబు పడినా ఇనపడదు."

మహేశ్వరి మిద్దె ఎక్కింది.

స్పీకర్లకు పసుపు, కుంకుమ బొట్లు. కొట్టిన టెంకాయ చిప్పలు. దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు. అట్టపెట్టెను కూడా పారెయ్యలేదు. 5000 వాట్లు అన్న ఎర్ర అక్షరాలు గుమ్మంలోకి రాగానే కనపడేలా నిలబెట్టారు. సెట్టు కంటే పెట్టెకే మర్యాద ఎక్కువ జరిగినట్టుంది.

వెనక స్పీకర్లు రెండూ మేకులకు వేలాడుతున్నాయి. వాటికి వైర్లే లేవు.

"ఇవెందుకు మోగవు?"

"వైరు గోడ మీద కనపడితే అసింగం. వద్దంటి."

అయిదు స్పీకర్లు కొని మూడింటితో సినిమా చూసే మహానుభావుడు. మహేశ్వరి యాంప్లిఫయర్‌ను ఇటు తిప్పి, వెనక అంటించిన చిన్న స్టిక్కర్ చదివింది. పోయిన నెలే తన క్వార్టర్స్ కోసం ఇలాంటి సెట్లు నాలుగు అంగళ్లలో చూసి వచ్చింది. ఏ అక్షరం దేనికో తెలుసు. కిందికి దిగింది.

వీధిలో విచారణ మొదలైంది.

"సుత్తి చప్పుడు విన్నారా?"

"అయిదు వేల వాట్లమ్మా. యాడ ఇనపడతాది?"

రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లోనూ అదే.

"నీకు వినపడిందా అని అడిగితే పెట్టె మీద రాసింది చెప్తావేమయ్యా?" అని ఒకాయన మీద విసుక్కుంది. అందరూ చెవులు తీసి ఆ అట్టపెట్టెలో పెట్టి వచ్చినట్టున్నారు.

ఎదురింటి ఉచ్చీరమ్మ మాత్రం అడగకుండానే అందుకుంది.

"రఫీకే అమ్మా. ఇంకెవరు? రాత్రి టేషనుకొచ్చి మీ పోలీసాయప్పకు గూడా అదే సెప్పినా. అందరూ సినిమా సూస్తాంటే వాడొక్కడే లేసిపోయె."

"సినిమా ఎన్నింటికి అయిపోయింది?"

"తొమ్మిదిన్నర. ఇంటికొచ్చి పండుకున్యాంక గూడా దేవేంద్ర ఆ బాక్సులు దబదబ మోగిస్తానే ఉండె. నిద్ర పట్టనిస్తే కదా."

మహేశ్వరి ఆగింది.

"ఏ పాట?"

"పాట యాడిది! ఉత్త దబదబే. బాస్ అంట కదా అది."

"అప్పుడు శాంతమ్మ?"

"సినిమాకొచ్చిన ముసిలి హులిగమ్మకు రాత్రిపూట కండ్లు కనపడవు. ఆమెను ఇల్లు సేర్చేకి శాంతమ్మ పక్క వీధికి పోయె. తిరిగొచ్చేతలికి పదయింది. అప్పుడే కద బీరువా సూసి అరిసింది."

రఫీక్ సంగతి కానిస్టేబుల్ నాగప్ప కనుక్కొచ్చాడు. ఎనిమిదింబావుకు మసీదులో ఉన్నాడు. తర్వాత పది దాటేదాకా పక్కనే టీ అంగట్లో. పదిమంది చూశారు.

మధ్యాహ్నం మహేశ్వరి జీపు ఆదోనిలో ఎలక్ట్రానిక్స్ అంగడి ముందు ఆగింది. పోయిన నెల బేరం చేసి కొనకుండా పోయిన మనిషి మళ్లీ వచ్చేసరికి ఓనర్ ఎదురొచ్చాడు. వెనక పోలీసు జీపు చూసి నవ్వు తగ్గించాడు.

"దేవేంద్ర కొన్న సెట్టు. ఆ అయిదు వేల వాట్లు ఎక్కడివి?"

"అది పీఎంపీఓ మేడమ్. రెప్పపాటు కాలానికి కాగితం మీద ఏసిన లెక్క. అంతకంటే ఎక్కువ గూడా రాసుకోవచ్చు. అడిగేటోడు లేడు."

"ఆర్ఎంఎస్ ఎంత? ఆగకుండా ఇచ్చే అసలు పవర్?"

"నలభై," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ మాట దేవేంద్రకు చెప్పావా?"

"నలభై అంటే పక్కంగడికి పోతాడు మేడమ్. ఆయప్ప అడిగింది ఒకటే. అన్నిటికంటే పెద్ద నంబరు ఏ డబ్బా మీద ఉందని."

అమ్మేవాడికి సిగ్గు లేదు, కొనేవాడికి తెలివి లేదు. మహేశ్వరికి ఇద్దరి మీదా సమానంగా అసహ్యం వేసింది.

సాయంత్రం నాలుగింటికి అందరూ మళ్లీ మిద్దె మీద గదిలో చేరారు. వీధివాళ్లు నిన్న ఎక్కడ కూర్చున్నారో అక్కడే. శాంతమ్మ గోడకు ఆనుకుని ఉంది.

"నిన్నటి సినిమానే వెయ్యండి. సౌండ్ ఫుల్."

దేవేంద్ర గర్వంగా రిమోట్ నొక్కాడు. ఫైటింగ్ సీన్. కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

ఠంగ్.

అందరి తలలూ మెట్ల వైపు తిరిగాయి. ఠంగ్. ఠంగ్. కింద నాగప్ప బీరువా మీద సుత్తితో కొడుతున్నాడు.

"అయ్యో, బాగా ఇనపడతాందే!" అంది ఉచ్చీరమ్మ.

మహేశ్వరి సౌండ్ ఆపించింది.

"ఈ డబ్బా వెనక ఏం రాసుందో ఎవరూ చదవలేదు. ఇది వాడుకునే కరెంటు అరవై వాట్లు. అరవై తీసుకుని అయిదు వేలు ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? దీని అసలు పవర్ నలభై. నిన్న సినిమా నడుస్తుండగా ఎవరైనా బీరువా కొట్టి ఉంటే మీ అందరికీ ఇలాగే వినపడేది. వినపడలేదు. అంటే అప్పుడు ఎవరూ కొట్టలేదు."

"రఫీకు మెల్లగా కొట్టింటాడు," అన్నాడు దేవేంద్ర. ఇప్పుడతని చేతిలో ఫోన్ లేదు.

"ఆ రేకు చూశాను. మెల్లగా కొట్టిన దెబ్బలు కావవి. ఉచ్చీరమ్మా, నువ్వు మీ ఇంటికి పోయి రాత్రి పడుకున్నచోట కూర్చో."

ఆమె వెళ్లింది. కింద నాగప్ప మళ్లీ సుత్తి అందుకున్నాడు. కాసేపటికి ఉచ్చీరమ్మ రొప్పుతూ తిరిగొచ్చింది.

"అదే సప్పుడు! రాత్రి ఇన్యింది అదే!"

"బాస్ కాదు. సుత్తి. తొమ్మిదిన్నర తర్వాత. అప్పటికి రఫీక్ టీ అంగట్లో ఉన్నాడు. శాంతమ్మ పక్క వీధిలో ఉంది. ఇంట్లో ఉన్నది ఎవరు?"

అందరూ దేవేంద్రనే చూస్తున్నారు.

"పెట్టె మీద నంబరు వీధివాళ్లే కాదు, నువ్వూ నమ్మావు. సినిమా సౌండ్‌లో సుత్తి చప్పుడు మునిగిపోయిందంటే సరిపోతుందనుకున్నావు. కథ అల్లడానికి కూడా కాస్త చదువుకోవాలి దేవేంద్రా."

శాంతమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది.

"నగలు కుదవ పెడతానంటివి. నేనియ్యనంటి. నువ్వు తీసుకుంటే తీసుకుంటివి పో. ఆ పిల్లోని మీద ఎందుకేస్తివిరా?"

నగలు దేవేంద్ర కారు స్టెప్నీ టైరు కింద గుడ్డ మూటలో దొరికాయి. జీపు ఎక్కేముందు అతనికి ఒకటే బాధ మిగిలింది.

"ఆ అంగడోడు నన్ను మోసం చేసినాడు మేడమ్. వాని మీద కేసు రాసుకోండి."

నాగప్పకు నవ్వు ఆగలేదు. మహేశ్వరికి నవ్వు కూడా రాలేదు.

చీకటి పడకముందే రఫీక్ బయటికొచ్చాడు. లాకప్‌లో తిన్న దెబ్బకు చెంప వాచి ఉంది. మెట్ల మీద మెహరున్నీసా లేచి అతని చొక్కా సర్దింది. వీధివాళ్లు కొందరు స్టేషన్ దాకా వచ్చారు, దేవేంద్రను లాకప్‌లో చూడ్డానికి. వాళ్లలోంచి ఉచ్చీరమ్మ ముందుకొచ్చింది.

"రఫీకప్పా, మా టీవీలో బొమ్మొస్తాంది, మాట రాలే. రేపొచ్చి సూడు నాయనా."

వస్తానని చెప్పడానికి అలవాటుగా రఫీక్ నోరు తెరిచాడు. మెహరున్నీసా అతని చెయ్యి పట్టుకుంది.

"రాడు," అంది. "రాత్రి నువ్వు పోలీసోళ్లకు సెప్పిందంతా నేనీడనే నిలబడి ఇన్యా."

ఉచ్చీరమ్మ తెల్లబోయింది.

"నేనేమంటినమ్మా?" అని పక్కవాళ్లను అడిగింది. ఆమెకు నిజంగానే గుర్తు లేదు.

మహేశ్వరి లోపలికి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, రైటర్‌ను పిలిచింది.