బొగ్గు తొట్టిలో నెత్తురు

చైతన్యపురిలోని ఇంద్రాణి ఆఫీసు మెట్లెక్కేసరికి సైదమ్మ పెదవి చీలి రక్తం కారుతోంది. హతుడి బంధువులు కొట్టారట. పదిహేనేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి డిటెక్టివ్‌గా మారిన ఇంద్రాణి ముందు మంచినీళ్లిచ్చి, తర్వాతే సంగతి అడిగింది.

ఎల్బీనగర్ అవతల మురుగునీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టు ప్రసన్నకుమార్‌ను ఎవరో తల పగలగొట్టి చంపారు. శవం బొగ్గు తొట్టిలో దొరికింది. మురుగులో కలిసొచ్చే మందుల అవశేషాలను ఆ బొగ్గే పీల్చుకుంటుంది, ఆ తర్వాతే నీళ్లు ఆకుకూరల పొలాలకు వెళ్తాయి. పక్కన పడున్న పానా సైదమ్మ భర్త, ఆపరేటర్ లింగస్వామిది. పోలీసులు అతణ్ణి లోపలేసి చితకబాదుతున్నారు.

"మా ఆయన అండ్ల దిగనే దిగడమ్మా. తడి బొగ్గు గాలిని మింగుతది. మా మరిది మట్టయ్య గట్లనే పాణం ఇడిసిండు. రెండు గంటలు ఫ్యాన్ పెట్టనిదే ఎవ్వరు దిగరు. ఫ్యానేమో రిపేరుకు పోయింది."

ఇంద్రాణి తన అసిస్టెంటు సాంబమూర్తితో వెళ్లి తొట్టి చూసింది. ఈయన రిటైరైన తెలుగు మాస్టారు, దేవుడి కంటే ఆమెనే ఎక్కువ నమ్ముతాడు. లోపలి గోడ మీద మనిషెత్తున నెత్తురు చిమ్మి ఉంది. శవం నడుముకు గాలి కొలిచే మీటరు, పిడికిట్లో బొగ్గు ఉన్నాయని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు.

బొగ్గు సరఫరా చేసే త్రినాథరావు చొక్కా అంతా రక్తమే. ముందురోజే కొత్త బొగ్గు పోయించి, తడిపి, మూత వేయించాడట. పొద్దున శవాన్ని చూసి, వెంటనే దిగి, అరగంట ఆ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. విని సాంబమూర్తి కూడా కళ్లు తుడుచుకున్నాడు. మెత్తటి మనిషి, పాపం.

మర్నాడు ఇంద్రాణి అందర్నీ తొట్టి దగ్గరికి పిలిపించింది.

"నెత్తురు గోడ లోపల చిమ్మింది, అంటే కొట్టింది లోపలే. ఫ్యాన్ లేకుండా కొత్త బొగ్గులోకి దిగితే నిమిషాల్లో పడిపోతారు. త్రినాథరావుగారూ, మీరు అరగంట ఎలా బతికారు?"



ప్రసన్నకుమార్ పిడికిట్లోని బొగ్గును ఆమె సిరానీళ్లలో వేసి వడకట్టింది. కొత్త బొగ్గయితే రంగు మింగేయాలి. నీళ్లు నీలంగానే దిగాయి. వాడి పారేసిన బొగ్గునే ఆరబెట్టి తెచ్చి పోశారని, అది రంగునే కాదు, గాలినీ మింగదని ఆమె చెప్పింది. మీటరులో గాలి తగ్గకపోవడం చూసి ప్రసన్నకుమార్‌కు అనుమానమొచ్చి, సాక్ష్యం కోసం దిగాడు. అది కొత్త బొగ్గనే నమ్మిన లింగస్వామి నిచ్చెన మీద కాలు కూడా పెట్టడు. ప్రాణభయం లేకుండా వెనకాలే దిగగలిగింది అది ఉత్త బొగ్గని తెలిసిన మనిషొక్కడే.

త్రినాథరావు ఇనుపరాడ్డు లాక్కుని ఆమె మీదికి ఉరికాడు. సాంబమూర్తి అడ్డం పడ్డాడు, భుజం ఎముక పటుక్కున విరిగింది. నలుగురు కానిస్టేబుళ్లు త్రినాథరావును నేలకేసి అదిమారు.

"ఆ ఆకుకూరలు తిని ఎవడు చచ్చాడు?" అని అక్కడి నుంచే అరిచాడు.

"ఆపబోయిన సారు సచ్చిండు," అంది సైదమ్మ. "నా పెనిమిటి సావబోయిండు."

మధ్యాహ్నానికి లింగస్వామిని వదిలారు. అరికాళ్లు వాచి అడుగు పడడం లేదు. కానిస్టేబుల్ సాయం రాబోతే సైదమ్మ చేయి తోసేసింది. మొగుణ్ణి వీపున ఎత్తుకుని, ఆటో దాకా ఒక్కతే నడిచింది.