ఎర్ర రాయి కింద తెల్ల ఇసుక

గోతిలోంచి తీసిన గుప్పెట్లో తెల్ల ఇసుక!

రేంజర్ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూస్తుంది.

మళ్లీ తవ్వుతుంది. పైన పల్చటి ఎర్ర పొర. కింద అంతా తెల్లదే. పొడిపొడిగా...

పక్కన జలపాతం హోరు. సందర్శకుల బస్సులు వెళ్లిపోయాయి. పొద్దు వాలుతోంది.

ఇది ఇసుకరాయి కొండ. ఏళ్ల తరబడి ఎర్ర రాయి రాలి, దాని అడుగున ఎర్ర ఇసుకే పోగుపడుతుంది. తెల్లది ఎలా వచ్చింది?

వాన పడితే ఈ రాయి లోపల మెత్తబడుతుంది. పైకి ఎండినట్టే ఉంటుంది. అందుకే ఇక్కడ తాడు పట్టేవాళ్లందరికీ ఒకటే నియమం. ఎక్కేముందు రాతి అడుగున ఇసుకలో మణికట్టు దాకా చెయ్యి దూర్చాలి. తడి తగిలితే తాడు ముట్టుకోకూడదు.

ఆమె తమ్ముడు ముట్టుకున్నాడు.

గైడ్. పార్క్ మొత్తానికీ వాడు ఉడత. పోయిన వారం, పెద్ద వాన వెలిసిన మర్నాడు, పైన తాడు కట్టిన ఇనుప మేకు రాతి పెళ్లతో సహా ఊడొచ్చింది. వాడు దక్కలేదు.

'పైపైన తడిమి ఎక్కాడు. గైడ్ నిర్లక్ష్యం.' రేపటి ఎంక్వైరీలో ఆ మాటే ఖాయమవుతుంది.

"వాడు సరిగ్గా చూడకుండా ఎక్కాడంటావా?" ముద్ద చేతిలో పట్టుకుని తల్లి రోజూ ఇదే అడుగుతోంది.

చూశాడమ్మా... చూశాడు. వేళ్లకు తడి తెలుస్తుంది. రంగు తెలియదు.

వెనక రాయి దొర్లుతుంది.

ఆమె తల తిప్పుతుంది. బండల మధ్య ఓ మనిషి. చేతిలో బకెట్.

"ఎవరది?"

పరుగు!

ఆమె వెంటపడుతుంది. జలపాతం వెనక ఇరుకు దారి. తుంపర కళ్లలో కొడుతోంది. బూటు జారుతుంది. మోకాలు చీరుకుపోతుంది. లేస్తుంది.

ముందున్నవాడికి ఎక్కడ వంగాలో తెలుసు. ఎక్కడ దూకాలో తెలుసు.

ఖణేల్!

బకెట్ బండల మీద దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ఆగుతుంది. ఎర్ర రంగు. మీద 'ఫైర్' అని తెల్ల అక్షరాలు.

పార్క్‌లో తెల్ల ఇసుక ఉండేది ఒక్కచోటే. తాళ్ల గదిలో, మూతలు పెట్టిన ఫైర్ బకెట్లలో... ఏడాది పొడవునా పొడిగా.

ఆ గది తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది.

దారి కొండ అంచు దగ్గర అయిపోయింది. ఆ మనిషి వగరుస్తూ ఆగిపోతాడు. నెరిసిన జుట్టు. వంగిన వీపు.

"మాస్టారూ..."

తాళ్ల మాస్టారు. తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లిద్దరికీ ముడి వెయ్యడం నేర్పినవాడు. ఇసుక చూడడం నేర్పినవాడు. నిన్న కూడా తల్లి పక్కన కూర్చుని ఏడ్చినవాడు.

"అంచుకి రాకు తల్లీ. రాయి ఇంకా తడిగానే ఉంది."

"ఈ ముక్క వాడికెందుకు చెప్పలేదు?"

ఆయన బకెట్ వైపు చూస్తాడు.

"బకెట్ ఎందుకు తెచ్చారు? ఇసుక ఎత్తేద్దామనా?"

"ఊఁ. రేపు వాళ్లు తవ్వుతారేమోనని."

"వాడు మీకేం చేశాడు మాస్టారూ?"

"వాడేం చేస్తాడమ్మా... అది వాడి కోసం పోసింది కాదు."

ఆయన తడి బండ మీద కూలబడతాడు.

"తడి తగిలితే తాళ్ల దారి శాశ్వతంగా మూయిస్తానన్నాడు తనిఖీకి వచ్చే ఆఫీసర్. మూస్తే నేనెక్కడికి పోను? ఈ తాళ్లు తప్ప నాకేం తెలుసు? రాత్రికి రాత్రి మొదలంతా తవ్వి పొడి ఇసుక నింపా. పైన ఎర్రది చల్లా. ఆయన చెయ్యి పెట్టి చూసి పోతాడనుకున్నా. చొక్కా మాయకుండా దూరంగా నిలబడి, ఎవరైనా ఎక్కి చూపించండి అన్నాడు.

ఉడతగాడు ముందుకొచ్చాడు. నేను నేర్పినట్టే మోకాళ్ల మీద కూచున్నాడు. మణికట్టు దాకా చెయ్యి పెట్టాడు. నా వైపు చూసి నవ్వాడు. 'పొడిగానే ఉంది మాస్టారూ, ఎక్కనా?' అన్నాడు.

ఆఫీసర్ వింటున్నాడమ్మా...

నేను తలూపాను."